రెండు పడవల ప్రయాణం: డాక్టర్ తాలిమెరెన్ ఆవో ఆట, చదువు, సేవ



డాక్టర్ తాలిమెరెన్ ఆవో జీవితాన్ని మన దేశంలో ఎక్కడ చెప్పినా దాదాపు ఒకే తీరున చెబుతారు. నాగా కొండల్లో ఒక పాస్టరు గారింట పుట్టారు. కలకత్తా వెళ్లి మోహన్ బగాన్ క్లబ్బుకు నాయకుడయ్యారు. స్వతంత్ర భారతదేశం 1948లో లండన్ ఒలింపిక్స్‌కు పంపిన ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా, ప్రారంభోత్సవంలో దేశం జెండా పట్టుకుని నడిచిన క్రీడాకారుడిగా చరిత్రకెక్కారు. ఆపైన ఆటను త్యాగం చేసి, డాక్టరై, సొంత గడ్డకు వెళ్లి జనానికి సేవ చేశారు. ఈ వాస్తవాల్లో తప్పేమీ లేదు. వాటికి చెప్పుకునే అర్థంతోనే నాకు పేచీ. ఆవో ఆటను త్యాగం చేయలేదు. చదువు కోసం ఆటను గానీ, ఆట కోసం చదువును గానీ బలిపెట్టవలసిన అగత్యం ఆ వయసులో ఆయనకు రాలేదు. అందుకు ఆయన ప్రతిభ, పట్టుదల ఎంత కారణమో, ఆయన నడిచిన దారిలో ఎదురైన బడి, కాలేజీ, క్లబ్బు, ఆస్పత్రి కూడా అంతే కారణం. వాటిలో ఏదీ ఆయన్ను నిలబెట్టి, రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోమని అడగలేదు. అలాంటి మనుషులు మళ్లీ ఎందుకు పుట్టడం లేదని మనం వాపోతుంటాం. పుడుతూనే ఉన్నారు. వాళ్లు నడవవలసిన దారి మూసుకుపోయింది. ఈ ఉపన్యాసమంతా ఆ దారి గురించే.

ఆవో 1918 జనవరి 28న చాంగ్‌కీ అనే ఊళ్లో పుట్టారు. ఆనాడు అది అస్సాంలోని నాగా హిల్స్ జిల్లా, ఈనాడు నాగాలాండ్‌లోని మోకోక్‌చుంగ్ జిల్లా. తండ్రి సుబోంగ్‌వతి నింగ్‌దారి. పన్నెండు మంది పిల్లల్లో తాలిమెరెన్ నాలుగోవారు. కొన్నాళ్లకు కుటుంబం ఇంపూర్‌కు మారింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు ఆ ప్రాంతంలో 1894 నుంచి కేంద్రం ఇంపూరే. కొండవాలు మీద నాలుగు గజాల చదును నేల దొరకడమే కష్టమైన చోట, మిషన్ బడికి ఆటస్థలం ఉండేది. పిల్లలు గుడ్డపేలికలు చుట్టి బంతి చేసుకుని అక్కడ ఆడేవారు. మిషన్ నాగా సమాజానికి అక్షరాలిచ్చిన మాట నిజం. పాత పండుగల్ని, యువకులు కలిసి ఉండి ఊరి పద్ధతులు నేర్చుకునే సామూహిక గృహాల్ని వెనక్కి నెట్టిన మాటా నిజం. ఆ జమాఖర్చు వేరే సభలో తేల్చవలసినది. ఇక్కడ మనకు కావలసింది ఒక్క సంగతి: పలక పట్టించిన సంస్థే బంతి తన్నుకోవడానికీ చోటిచ్చింది. ఆ ఆవరణలో పెరిగిన పిల్లవాడికి చదువు ఒక ఇల్లు, ఆట పొరుగిల్లు అన్న భావం కలగడానికి ఆస్కారం లేదు. 1935లో తండ్రి టైఫాయిడ్‌తో చనిపోయారు. కొడుకు డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. అప్పటికి తాలిమెరెన్‌కు 17 ఏళ్లు. నాగా కొండల నుంచి వైద్యవిద్య దాకా వెళ్లాలంటే ముందు జోర్హాట్‌లో హైస్కూలు, తరవాత గువాహటిలో కాటన్ కాలేజీ, ఆ తరవాత కలకత్తా. ప్రతి మజిలీలోనూ కొత్త భాష, కొత్త తిండి, ఆ కొండల మనుషుల్ని వింతగా చూసే కళ్లు. ఆ మజిలీల్లో ఆయన్ను త్వరగా నలుగురిలో కలిపింది ఫుట్‌బాలే అనడానికి ఊహతో పనిలేదు. గువాహటిలో విద్యార్థిగా ఉంటూనే మహారాణా క్లబ్బుకు ఆడారు, ఆ ఆటే కలకత్తా మైదాన్ దాకా బాట వేసింది.

1942లో ఆయన కలకత్తాలోని కార్మైకేల్ మెడికల్ కాలేజీలో చేరారు. రాధాగోవింద కర్ వంటి భారతీయ వైద్యుల పూనికతో ఎదిగిన కళాశాల అది. 1948లో కర్ పేరే దానికి పెట్టారు. మరుసటి ఏడాది, 1943లో, ఆవో మోహన్ బగాన్‌లో చేరారు. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ గెలిచిన క్లబ్బు అది. దానికి ఆడడమంటే బెంగాల్‌లో ప్రతి ఇంటికీ పేరు తెలియడమే. ఆవో చేరిన కొద్దికాలానికే నాయకుడయ్యారు. 1943లోనూ 1944లోనూ కలకత్తా లీగ్, 1947లోనూ 1948లోనూ షీల్డ్ మోహన్ బగాన్ గెలుచుకుంది. ఈ రెండు పనుల బరువు ఎంతటిదో కాస్త దగ్గరగా చూడాలి. కాలేజీ ఉత్తర కలకత్తాలో బేల్‌గాచియాలో ఉంది. క్లబ్బు డేరా నగరం నడిమధ్య మైదాన్ మీద. మధ్యలో ట్రాము ప్రయాణం. లీగ్ పోటీలు నడిచేది వానాకాలంలో. చెప్పుల్లేని పాదాలకు తడి నేల శత్రువు, కాలు జారి మడమ బెణికితే మర్నాడు వార్డులో గంటల తరబడి నిలబడడం నరకం. చదువా, ఊరికే పుస్తకం తిరగేస్తే గడిచేది కాదు. శరీరనిర్మాణశాస్త్రానికి శవచ్ఛేదన బల్ల దగ్గర నిలబడాలి, రోగుల మంచాల వెంట తిరగాలి, రాత్రి డ్యూటీలు చేయాలి. పైగా అవి ఎలాంటి ఏళ్లు! 1942 డిసెంబరులో నగరం మీద జపాను బాంబులు పడ్డాయి. 1943లో కరువు, అన్నం కోసం పల్లెల నుంచి వచ్చినవాళ్లు కలకత్తా వీధుల్లోనే ప్రాణాలు వదిలారు. 1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోహిమాలో, అంటే ఆయన సొంత జిల్లా కేంద్రంలో, రెండో ప్రపంచయుద్ధపు భీకర పోరాటాల్లో ఒకటి జరిగింది. 1946 ఆగస్టులో మతకల్లోలం, ఆ పైయేడు దేశ విభజన. 1942లో చేరిన విద్యార్థి 1950లో ఎం.బి.బి.ఎస్. పట్టా అందుకున్నారు. ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ ఎనిమిదేళ్ల దగ్గర నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా వాదనకు ఆయువుపట్టు అదే. మన ఇళ్లలో ఒక కుర్రవాడు మెడిసిన్‌కు ఎనిమిదేళ్లు తీసుకుంటే బంధువుల మధ్య ఆ సంగతి గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఆవో విషయంలో ఆ ఎనిమిదేళ్లలో యుద్ధం ఉంది, కరువు ఉంది, పెద్ద క్లబ్బు నాయకత్వం ఉంది, ఒలింపిక్స్ ఉన్నాయి. కాలేజీ ఆయన్ను ఆట మానుకోమనలేదు, క్లబ్బు చదువు మానుకోమనలేదు. ఆలస్యమైంది, అంతే. ఆలస్యాన్ని అపజయంగా లెక్కగట్టని కాలంలో ఆయన చదువుకున్నారు. డాక్టరుగా పనిచేసిన పాతికేళ్ల పైచిలుకు కాలంతో పోల్చి చూస్తే ఆ ఆలస్యం లెక్కలోకి వచ్చేదే కాదు. ఆ రోజున పరీక్ష తేదీ కోసం బంతిని, మ్యాచ్ తేదీ కోసం పుస్తకాన్ని శాశ్వతంగా వదిలేయమని ఎవరైనా గట్టిగా పట్టుపట్టి ఉంటే దేశానికి ఒక కెప్టెనో, కోహిమాకు ఒక డాక్టరో లేకుండా పోయేవారు.

ఇక లండన్. 1948 జూలై 31న ఇల్‌ఫర్డ్‌లోని క్రికిల్‌ఫీల్డ్ మైదానంలో భారతదేశం ఫ్రాన్స్‌తో ఆడింది. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండలేదు. మన పదకొండు మందిలో ఎనిమిది మంది బూట్లు లేకుండా ఆడారు. కొందరు పాదాలకు పట్టీలు చుట్టుకున్నారు. ఆవో ఆడింది సెంటర్ హాఫ్ స్థానంలో: నట్టనడుమ నిలబడి ఎదుటివాళ్ల దాడిని విరగ్గొట్టి, బంతిని అటూ ఇటూ పంచిపెట్టే పని. మొదటి సగంలో ఫ్రాన్స్ ఒక గోలు వేసింది. రెండో సగంలో, 70వ నిమిషంలో, బెంగళూరు ఆటగాడు రామన్ సమం చేశారు. మనకు రెండు పెనాల్టీలు దొరికాయి; రెండూ గోలు కాలేదు. ఆఖరి నిమిషాల్లో ఫ్రాన్స్ రెండో గోలు వేసి 2–1తో గెలిచింది. ఓడిన మ్యాచే అయినా చూసినవాళ్లు మెచ్చుకున్నారు, ఆ మెప్పు దశాబ్దాల పాటు మనకు మిగిలింది. ఆ మెప్పును అతిగా మోయడం వల్ల మనకు నష్టమూ జరిగింది. దాని గురించి కాసేపట్లో చెబుతాను. ముందు ఇంకో సంగతి. ఆ పర్యటన తరవాత ఆర్సెనల్ క్లబ్బు ఆవోను తమకు ఆడమని పిలిచిందని, చదువు ముగించాలని ఆయన కాదన్నారని చెప్పుకుంటారు. ఆయన గురించి రాసే ప్రతివారూ ఈ సంఘటనను ముందుకు తెస్తారు, త్యాగకథకు అది కిరీటం లాంటిది గనుక. నేను దీనిని నా వాదనకు ఆధారంగా తీసుకోను. పిలుపు వచ్చినా రాకున్నా, పట్టా చేతికందడానికి రెండేళ్లున్న ముప్పయ్యేళ్ల వైద్యవిద్యార్థికి తిరిగి రావడంలో గొప్ప సంకటమేమీ లేదు. ఆయన తన మనసులో ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి ఎంచుకున్నారని చెప్పే సాక్ష్యం ఆయన నడిచిన దారిలో ఎక్కడా కనిపించదు. సాక్ష్యం చెబుతున్నదల్లా ఆయన రెంటినీ చివరిదాకా మోశారని.

‘అది ఆయన గొప్పతనం, అందరూ ఆవోలు కాలేరు’ అని ఎవరైనా అనవచ్చు. అందరూ కాలేరు, నిజమే. కానీ ఇలాంటి జీవితాలు ఎక్కడ కనిపించినా, వాటి వెనక వీలిచ్చిన సంస్థ ఒకటి కనిపిస్తుంది. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు సోక్రటీస్‌ను చూడండి. రిబేరావ్ ప్రేతో ఊరి మెడికల్ కాలేజీలో చదువుతూ అదే ఊరి బొటాఫోగో క్లబ్బుకు ఆడారు. చదువు ముగిశాకే, 1978లో, పెద్ద క్లబ్బయిన కొరింథియన్స్‌కు వెళ్లారు. 1982 ప్రపంచకప్‌లో బ్రెజిల్ జట్టుకు నాయకుడయ్యారు. సైనిక పాలన నడుస్తున్న రోజుల్లో తన క్లబ్బులో ఆటగాళ్ల దగ్గర్నుంచి సిబ్బంది దాకా అందరికీ ఓటు ఉండాలని నిలబడ్డవాళ్లలో ఆయన ముందువరుస మనిషి. ఆయన చదువుకున్న ఊళ్లోనే క్లబ్బు ఉండడం, ఆ క్లబ్బు ఆయన పరీక్షలను సహించడం చిన్న సంగతులు కావు. మరో మనిషి అమెరికాలోని అలన్ పేజ్. ఆయన ఆడింది అమెరికన్ ఫుట్‌బాల్, మనం ఆడే దానికి పూర్తిగా వేరైన, ఒంటితో ఒళ్లు ఢీకొట్టే ఆట. మిన్నెసోటా వైకింగ్స్ జట్టుకు ఆడుతూ 1971లో ఆ జట్టు ఆడే లీగ్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. రక్షణ వరుసలో ఆడేవారికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఆటగాడిగా జీతం తీసుకుంటూనే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లా చదివి 1978లో పట్టా పొందారు. 1993 నుంచి 2015 దాకా ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో న్యాయమూర్తి. ఆ పీఠం మీద కూర్చున్న తొలి నల్లజాతి మనిషి. ఆయన ఉదాహరణ నేను తీసుకురావడానికి ఇంకో కారణం ఉంది, అది చివర్లో.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అదంతా ఆటను వృత్తిగా చూడని కాలం. ఇవాళ ఆట వేగం, శిక్షణ, పోటీ పూర్తిగా మారాయి, రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నీళ్లలో పడతాడు అంటారు. ఈ అభ్యంతరంలో సగాన్ని నేను నిండుగా ఒప్పుకుంటాను. డబ్బు తీసుకోకుండా ఆడడం పవిత్రమన్న ఆ రోజుల ఆదర్శం, కలిగినవాళ్లకు మాత్రమే సుఖంగా ఉండేది. మోకాలు విరిగిన పేద ఆటగాడిని ఆ ఆదర్శం ఆదుకోలేదు. ఆడపిల్లలకైతే ఆ మైదానాల్లో అసలు చోటే లేదు. ఆ కాలం తిరిగి రావాలని కోరేవాణ్ని కాను. అలాగే చెప్పుల్లేని పాదాల వీరగాథ మీద మనం పెంచుకున్న మమకారానికి మూల్యం చెల్లించాం. ఇల్‌ఫర్డ్ మెప్పు తలకెక్కి నాలుగేళ్లు తిరగకుండానే, 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో, చలిలో, చాలామంది బూట్లు లేకుండానే ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడాం. ఆ తరవాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆటను పద్ధతిగా, శాస్త్రంగా, పూర్తి శ్రద్ధతో చూడాలి అన్నవాళ్లు గెలిచారు, గెలవాల్సిందే.

అయితే ఆ పద్ధతిని దేశానికి నేర్పిందెవరు? హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని బడుల్లో పాఠాలు చెప్పినవారు, తరవాత వ్యాయామవిద్యలోనూ శిక్షణ పొందారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా 1943 నుంచి చనిపోయేదాకా ఉన్నారు. ఆయన తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో ఓడించింది ఆవో ఒకప్పుడు నడిపిన మోహన్ బగాన్‌నే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిన స్వర్ణం, అన్నీ ఆయన శిక్షణలోవే. హెల్సింకిలో ఓడిన జట్టుకు శిక్షకుడూ ఆయనే. ఆ ఓటమి నుంచి పాఠం తీసుకున్నదీ ఆయనే. రహీం సాబ్ హైదరాబాదులో పెట్టిన పోటీలను గమనించండి. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ తీసుకెళ్లడం నిషిద్ధం, అందిన బంతిని వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. మరో పోటీలో వాటంలేని కాలితోనే తన్నాలి. పిల్లలకు ఎత్తును బట్టి విడిగా పోటీలు. ఇవి తరగతి గదిలో పుట్టిన ఆలోచనలు. లెక్కల్లో గుణకారం రానివాడికి గుణకారమే పదేపదే చేయించే పంతులుగారి బుద్ధి వాటిలో ఉంది. అంటే భారత ఫుట్‌బాల్ ఇప్పటిదాకా చూసిన అతి పద్ధతైన కాలాన్ని కట్టింది ఆట తప్ప మరోటి తెలియనివాళ్లు కాదు, చదువు చెప్పడమే వృత్తిగా ఉన్న మనిషి. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల కేన్సర్‌తో ఆయన పోయారు. ఆపైన మన జట్టు ఆసియా క్రీడల్లో స్వర్ణం ముఖం చూడలేదు. చదువు ఆటను పలుచన చేస్తుందనే మాటకు హైదరాబాదు చరిత్రే తగిన జవాబు.

మళ్లీ ఆవో దగ్గరికి. సేవ అన్న మాట వినగానే కొందరు అడ్డుపడతారు: ఆయన చేసింది ప్రభుత్వోద్యోగం, జీతం తీసుకున్నారు, పదోన్నతులు పొందారు, అందులో సేవ ఏముంది? 1950లో పట్టా తీసుకున్నాక ఆయన డిబ్రూగఢ్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో రిజిస్ట్రారుగా చేరారు. 1953లో కోహిమా ఆస్పత్రికి అసిస్టెంట్ సివిల్ సర్జన్‌గా వెళ్లారు. మోహన్ బగాన్ కెప్టెన్ పేరున్న డాక్టరు కలకత్తాలో బోర్డు కట్టి కూర్చుంటే రోగులు బారులు తీరేవారు. డిబ్రూగఢ్‌లోనే ఉన్నా నిపుణుడిగా మంచి బతుకు ఉండేది. ఆయన వెళ్లిన కోహిమా పదేళ్ల కింద యుద్ధంలో నేలమట్టమైన ఊరు. వెళ్లిన తరవాతి ఏళ్లు ఇంకా కఠినమైనవి. నాగా స్వాతంత్ర్యోద్యమం, దాని మీద సైనిక చర్య, 1958లో సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం, చివరికి 1963 డిసెంబరు 1న నాగాలాండ్ రాష్ట్రం. ఒకవైపు ప్రభుత్వాన్ని నమ్మని పల్లెలు, మరోవైపు పల్లెల్ని నమ్మని ప్రభుత్వం. ఆ నడుమ ప్రభుత్వాస్పత్రిలో కూర్చుని, తన జాతివాళ్లకు వైద్యం చేసిన నాగా డాక్టరుకు జీతం రావడం వల్ల ఆయన చేసినదాని విలువ తగ్గుతుందని నేననుకోను. కొండప్రాంతంలో చెవిలో చీము పట్టిన పిల్లవాణ్ని వెంటనే చూసి మందు వేస్తే వాడికి వినికిడి దక్కుతుంది; చూసేవాళ్లు లేకపోతే చెవుడు మిగులుతుంది, చెవుడుతో పాటు బడీ పోతుంది. నిపుణుడు మైదాన ప్రాంతంలో ఉండిపోవడానికీ కొండెక్కడానికీ మధ్య తేడా అక్కడ, ఆ చెవి దగ్గర తేలుతుంది. ఆవో ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ డైరెక్టరు స్థాయికి వెళ్లి 1978లో పదవీ విరమణ చేశారు. 1998 సెప్టెంబరు 13న కన్నుమూశారు. 2018లో, ఆయన శతజయంతి ఏడాది, తపాలా బిళ్ల వచ్చింది. మనిషి చనిపోయి ఇరవై ఏళ్లయ్యాక వచ్చిన ఆ గుర్తింపులో ఆలస్యం నిజంగా సిగ్గుపడవలసినది.

ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల సంగతి. పదో తరగతి దాటిన పిల్లలకు ఇక్కడ ఎదురయ్యేది ఇంటర్మీడియట్. ఊళ్లో పేరున్న కాలేజీల్లో చాలావాటిది అంతస్తుల మీద అంతస్తుల భవనం. తెల్లవారకముందే మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు. వారానికో పరీక్ష, పరీక్షకో ర్యాంకు. ఆటస్థలం ఉండదు, ఉన్నా అందులో బస్సులు నిలబెడతారు. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఉండవలసిన వాటి పట్టికలో ఆటస్థలాన్ని చేర్చింది. ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది, సరిగ్గా పిల్లవాడి కాళ్లు సాగే వయసు మొదలయ్యేచోట. ఇంపూర్‌లో కొండవాలు మీద దొరికిన జాగా హైదరాబాదులో, విజయవాడలో, చదునైన నేల మీద దొరకడం లేదు. తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. ఒక్క ర్యాంకు జారితే సీటు పోతుంది, సీటు పోతే తాకట్టు పెట్టిన పొలం పోతుంది అనుకునే ఇంట్లో, సాయంత్రం రెండు గంటలు బంతి తన్నమనడం సులువుగా ఇచ్చే సలహా కాదు. అయితే ఆ భయాన్ని పోగొట్టవలసింది ఇంటి ధైర్యం కాదు, సంస్థ ఏర్పాటు. దానికి మన దగ్గరే రుజువుంది. 2014 మే 25న 13 ఏళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమెను చదువు మానిపించి కొండ ఎక్కించలేదు. చదువు చెబుతున్న బడే శిక్షణకు పంపింది, బడికే తిరిగి తెచ్చుకుంది. లక్షల ఫీజు తీసుకునే కాలేజీలు చేయలేమంటున్న పనిని ప్రభుత్వ గురుకులం చేసి చూపింది.

వైద్యవిద్య నిబంధనలనే తీసుకోండి. 2023లో వచ్చిన జాతీయ నిబంధనల ప్రకారం ఎం.బి.బి.ఎస్. విద్యార్థి చేరిన నాటి నుంచి తొమ్మిదేళ్ల లోపు చదువు పూర్తిచేయాలి. ఆవో తీసుకున్న ఎనిమిదేళ్లు ఆ గడువులోనే ఇముడుతాయి. అంటే కాలం విషయంలో ఇవాళ్టి చట్టం కూడా ఆయనకు అడ్డు కాదు. అడ్డు వచ్చేది హాజరు, దానితో పాటు ఆలస్యమైన వాణ్ని చూసే చూపు. రాష్ట్రానికో విశ్వవిద్యాలయానికో ఆడడానికి వెళ్లిన రోజును తరగతిలో ఉన్న రోజుగానే లెక్కించాలని, ఆ రోజుల్లో తప్పిపోయిన పరీక్షను మళ్లీ పెట్టాలని ప్రతి కాలేజీ నిబంధనల్లోనూ హక్కుగా రాసి ఉండాలి. క్రీడల కోటా సీటు ఇచ్చి, సీటులో చేరిన రోజు నుంచీ ఆట మానిపించే పద్ధతి కోటా ఉద్దేశాన్నే కాలరాస్తుంది.

అలన్ పేజ్ గురించి మిగిల్చిన మాట ఇదీ. 1988లో ఆయన, భార్య డయాన్ కలిసి పెట్టిన విద్యానిధి మిన్నెసోటాలో నల్లజాతి తదితర వెనకబడిన వర్గాల విద్యార్థులకు కాలేజీ చదువుకు డబ్బిస్తుంది. ఇచ్చేటప్పుడు ఒక షరతు పెడుతుంది: తీసుకున్నవాళ్లు చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి తమ సమయం కేటాయించాలి. సాయం పొందినవాడు సాయం చేసేవాడిగా మారడానికి ఎదురుచూడనక్కర్లేదు, అదే ఏడాది మొదలవుతుంది. మన దగ్గర ఆటగాళ్ల పేర్ల మీద ధర్మనిధులు తక్కువేం లేవు. వాటిలో ఎక్కువ భాగం గెలిచినవాళ్లకు కప్పు, శాలువా, ఒక చెక్కు ఇచ్చి ముగుస్తాయి. గెలిచినవాడికి ఎలాగూ నలుగురు ఉంటారు. పరీక్ష ఒక ఏడాది వెనక్కి నెట్టుకోవలసి వచ్చిన ఆటగాడికి, ఆటగత్తెకు, ఆ అదనపు ఏడాది హాస్టలు ఖర్చు, ఫీజు, ఒక జత బూట్లు ఈ నిధులు భరించవచ్చు. బదులుగా వారానికి రెండు సాయంత్రాలు దగ్గర్లోని ప్రభుత్వ బడి పిల్లలకు ఒక గంట లెక్కలు, ఒక గంట బంతాట నేర్పమని అడగవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. నిధి నడిపేవాళ్లు తమ నియమావళిలో రెండు వాక్యాలు మార్చుకుంటే వచ్చే జూన్‌లోనే మొదలుపెట్టవచ్చు.